రంగు దిగే మాత్ర

నేను పదవీ విరమణ చేయడానికి మూడేళ్ళ ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను హెల్త్ ఎడ్యుకేటర్‌గా ధర్మవరానికి వేశారు. అంతకు ముందు హిందూపురంలో అదే పని. ఈ పోస్టు గురించి బయటివాళ్ళకు అంతగా తెలియదు, శాఖలోని వాళ్ళకు అసలు తెలియదు. ఇంటింటికీ తిరిగేది ఆశా కార్యకర్త. సూది వేసేది ఏఎన్ఎం. వాళ్ళ మీద సూపర్‌వైజర్, అందరి మీద మెడికల్ ఆఫీసర్. హెల్త్ ఎడ్యుకేటర్ ఈ వరుసలో సూపర్‌వైజరుకు కాస్త పైన, డాక్టరుకు చాలా కింద ఉంటుంది. సూది వేయకూడదు, మందు రాయకూడదు. మాట్లాడాలి. జనం ఆరోగ్యంగా ఉండేటట్టు మాట్లాడడమే ఆ ఉద్యోగం. ఇరవై ఏళ్ళకు పైగా మాట్లాడాను. జనం సంగతి చెప్పలేను గానీ నాకు మాత్రం గొంతునొప్పి మిగిలింది.

చేరీ చేరగానే మళ్ళీ హిందూపురానికే శిక్షణకు పొమ్మన్నారు. కౌమార బాలబాలికలకు ఆరోగ్య విద్యను ఆసక్తికరంగా ఎలా బోధించాలి అన్నది విషయం. ఒక కల్యాణ మండపంలో పెట్టారు. వేదిక మీద పెళ్ళివారి కుర్చీలు రెండు, ఎర్ర మఖమలువి, అలాగే ఉన్నాయి. శిక్షకుడు ఒకదాంట్లో కూర్చుని, పిల్లలకు చదివి వినిపించడం తప్పు, వాళ్ళను మాట్లాడించాలి అనే విషయాన్ని భోజనాల వేళ దాకా మాకు చదివి వినిపించాడు. మధ్యాహ్నం ఆట ఆడించాడు. దాన్ని ఐస్ బ్రేకర్ అంటారు, అంటే బిడియం పోగొట్టేది. మోకాళ్ళ నొప్పులున్న సూపర్‌వైజర్లం, ఎడ్యుకేటర్లం అందరం వలయంగా నిలబడి, బంతి ఒకరి మీద ఒకరు విసురుకుంటూ, చేతిలో బంతి పడినవాళ్ళు ఒక విటమిన్ పేరు చెప్పాలి. ముగ్గురి తర్వాత విటమిన్లు అయిపోయాయి. చివర్లో ఒక్కొక్కరికీ ఒక ఫ్లిప్‌చార్ట్ ఇచ్చి పంపారు. బొమ్మల పుటలు తిప్పుతూ పాఠం చెప్పే పెద్ద పుస్తకం అది. రక్తహీనత అన్న పుటలో ఆపిల్, దానిమ్మ, బాదంపప్పు బొమ్మలున్నాయి. రాగిసంగటి తిని, ఊరుబిండి నంజుకునే ఊళ్ళకు అది బాగా పనికొస్తుందని ఎవరో పెద్దమనిషికి తోచింది కాబోలు.

ధర్మవరంలో నాకు అప్పగించిన బళ్ళలో ఒకటి చేనేత వీధుల మధ్య ఉన్న బాలికల ఉన్నత పాఠశాల. పిల్లల్లో ఎక్కువమంది మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళే. పొద్దున మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టి బడికి వస్తారు, సాయంత్రం మళ్ళీ కండెలు చుడతారు. ప్రతి గురువారం మధ్యాహ్న భోజనం అయ్యాక టీచర్లు వాళ్ళకు నీలిరంగు ఐరన్ మాత్ర ఒక్కొక్కటి ఇవ్వాలి. టీచరు ఎదుటే మింగించాలి. పిల్లలకు ధైర్యం రావడానికి టీచరు ముందు తానొకటి మింగాలి. కాగితం మీద ఉన్న పద్ధతి ఇది. వాస్తవంలో టీచరు డబ్బా బల్ల మీద పెట్టి పక్క గదికి వెళ్ళేది. నెలాఖరుకు బడి నుంచి రిపోర్టు వచ్చేది, నూటికి నూరు శాతం అని. నూరు శాతం మాత్రలు మింగుతున్న బడిలో, ప్రార్థన వేళ ఎండలో రోజుకొక పిల్ల కళ్ళు తిరిగి కూలబడేది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉందేమోనని అడిగిన వాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు.

మొదటి తరగతి నేనూ ఫ్లిప్‌చార్ట్‌తోనే చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లలు చేతులు కట్టుకుని, గంగిరెద్దుల్లా తలలూపుతూ విన్నారు. రక్తహీనత పోవాలంటే ఏం తినాలి అంటే ‘ఆకుకూరలూ’ అని ఒక్క గొంతుతో రాగం తీశారు. ఆ రాగం వాళ్ళకు ఆరో తరగతి నుంచీ వచ్చు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, పదమూడేళ్ళ ఆడపిల్లల ముందు నిలబడిన వాళ్ళకు తెలుస్తుంది ఎవరు ఎవరికి లోకువో. చివర్లో చప్పట్లు కొట్టారు. బయటికి పోతూ ఒక పిల్ల రెండో పిల్లతో, మేడమ్ చీర మన ఊరిది కాదు అన్నది. నా పాఠంలో వాళ్ళు శ్రద్ధగా గమనించింది అదొక్కటే.

ఆగస్టులో ఆ బడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఆంజనేయులు నా దగ్గరికి వచ్చాడు. దసరా సెలవుల తర్వాత పెనుకొండలో జిల్లా ఖోఖో జట్టుకు ఎంపికలున్నాయి. ఆడే ప్రతి పిల్లకూ డాక్టరు సంతకంతో ఆరోగ్య పత్రం ఉండాలి, అందులో హిమోగ్లోబిన్ అంకె రాయాలి. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ఇనుముతో తయారయ్యే ఎరుపు పదార్థం. ఆ వయసు ఆడపిల్లకు పన్నెండు ఉండాలి. వేలి కొనలో గుచ్చి చుక్క రక్తం తీసి చూసే చిన్న మీటరు మా కేంద్రంలో ఉంది. నేను చూసి రాస్తే, దాన్ని బట్టి డాక్టరు సంతకం చేస్తాడు.

ఆంజనేయులు జట్టుకంతటికీ బలం చౌడేశ్వరి అనే తొమ్మిదో తరగతి పిల్ల. సన్నగా, పొడవుగా ఉండేది. వంకర్లు తిరుగుతూ పరిగెడితే పట్టుకోవడం ఎవరి తరమూ కాదని ఆయన చెప్పాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు. వాళ్ళ నాయన ఈ ఒక్క ఏడు ఒప్పుకున్నాడట. ఎంపికైతే ఆడుకో, కాకపోతే ఆట మాని బడి వదలగానే మగ్గం గుంతలో కూర్చో అని షరతు పెట్టాడట. పిల్ల సరేనని ఒప్పందం చేసుకుందట.

చౌడేశ్వరి వేలు గుచ్చితే మీటరులో ఎనిమిదిన్నర వచ్చింది. ఇంకో వేలు చూశాను. ఎనిమిదిన్నరే.

ఆంజనేయులు మీటరు వైపు, నా వైపు చూశాడు. "ముందర ఒకటి పెడితే పద్దెనిమిదిన్నర అవుతాది, అది వద్దులే మేడమ్, అనుమానమొస్తాది. ఎనిమిది తీసేసి పదకొండు ఏసేయండి. పరిగెత్తేది కాళ్ళు గదా, నెత్తురేం పరిగెత్తదు గదా" అన్నాడు. ఆయన జీవశాస్త్రం కూడా చెబుతుంటాడని తర్వాత తెలిసింది. నేను ఎనిమిదిన్నర అనే రాశాను. ఇంతటి ఎండల్లో ఆ పిల్ల పరిగెడుతూ పడిపోతే పదకొండు అన్న అంకె వచ్చి లేపదు.

చౌడేశ్వరి ఏడవలేదు. నన్ను కొట్టేటట్టు చూసింది. "నేనెప్పుడన్నా పడిపోయినానా మేడమ్?" అన్నది. పడిపోలేదు సరే, పరిగెత్తేటప్పుడు ఎలా ఉంటుంది అని అడిగాను. మూడో రౌండుకు కళ్ళు చీకట్లొస్తాయని, అవి తగ్గేదాకా లెక్కపెట్టుకుంటూ పరిగెడతానని చెప్పింది. గురువారం మాత్రలు వేసుకుంటున్నావా అంటే తీసుకుంటున్నా అన్నది. మింగుతున్నావా అని మళ్ళీ అడిగాను.

"అది రంగు దిగుతాది మేడమ్."

నాకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పింది. "నీళ్ళల్లో ఏసి సూసినాం. నీలి రంగంతా దిగిపాయ. రంగు నిలవని సరుకు మా ఇండ్లల్లో ఎవురూ ముట్టరు. మా క్లాసులో ఇద్దురు మింగినారు. వాళ్ళకి కడుపులో గూడా రంగు దిగె. పొద్దున పోతే నల్లగా వచ్చిందంట." ఇంత చెప్పి నేల చూపులు చూస్తూ నవ్వింది.

ఇక్కడ ధర్మవరం గురించి ఒక మాట చెప్పాలి. ఆ వీధుల్లో పట్టు మంచిదా చెడ్డదా అన్నది ముందు రంగుతోనే తేలుతుంది. తడి గుడ్డతో చీర అంచు రుద్ది చూస్తారు. గుడ్డకు రంగంటితే ఆ సరుకు మోసం, అమ్మినవాడు దొంగ. ఈ పరీక్ష ఆ పిల్లలకు నడకతో పాటు వచ్చి ఉంటుంది. శాఖ పంపిన మాత్రకూ అదే పరీక్ష పెట్టారు. మాత్ర ఓడిపోయింది. ఆ తర్వాత గురువారం మాత్రలన్నీ బడి వెనక కాలవలోకి పోయాయి. ఇందులో వాళ్ళ తప్పేమీ నాకు కనబడలేదు. ఎవరో చేతిలో పెట్టిన వస్తువును పరీక్షించి చూసిన వాళ్ళు ఆ కార్యక్రమం మొత్తంలో వాళ్ళొక్కరే.

అది పైపూత అని, ఏం కాదని, ప్రభుత్వం పరీక్షించే పంపుతుందని చెప్పాను. చౌడేశ్వరి మర్యాదగా విని, "ఏం కాదు, గట్టి రంగు అని అమ్మేటోళ్ళందరూ అట్లనే చెప్తారు మేడమ్" అన్నది. నా ఉద్యోగ జీవితంలో నా ఉపన్యాసం మీద వచ్చిన సరైన విమర్శ అదొక్కటే.

మర్నాడు ఫ్లిప్‌చార్ట్ ఇంట్లో వదిలేసి, రెండు గాజు గ్లాసులు, ఒక రోకలి, గుప్పెడు మాత్రలు, వీధి చివర అంగడి నుంచి పాలు పోయని టీ తీసుకుని బడికి పోయాను. మాట్లాడకుండా ఒక మాత్రను తడి గుడ్డతో రుద్దాను. నీలం గుడ్డకంటింది. చూశారా అన్నట్టు పిల్లలు ఒకరినొకరు పొడుచుకున్నారు. ఇంకా రుద్దాను. నీలం మొత్తం పోయి లోపల మాసిన రంగు బిళ్ళ మిగిలింది. దాన్ని ఎంత రుద్దినా గుడ్డకు నీలం రాలేదు. దగ్గరికొచ్చి మీరే రుద్ది చూడండి అన్నాను. వరసలు పోయాయి, బెంచీలు పోయాయి. రంగు పైనే ఉంది, లోపల లేదని వాళ్ళే తేల్చారు.

తర్వాత ఆ బిళ్ళను పొడి చేసి సగం నీళ్ళ గ్లాసులో, సగం టీ గ్లాసులో వేసి కలిపాను. నీళ్ళ గ్లాసు కాస్త మురికిగా కనిపించింది, అంతే. టీ మాత్రం చూస్తుండగానే సిరాలా నల్లబడిపోయింది. తరగతి అంతా ఒక్కసారి "అయ్యయ్యో" అన్నది. టీలో ఉండే వగరు ఇనుమును పట్టేసుకుంటుంది, ఇక దాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఇంతకంటే నేను చెప్పవలసింది లేకపోయింది. బడికి మగ్గాల ఇళ్ళు రెండడుగుల దూరం, మధ్యాహ్నం అన్నం తిని చాలామంది ఇంటికి పరిగెత్తి టీ తాగి వస్తారు. ఒక పిల్ల లేచి, మాత్ర మింగిన ఆ ఇద్దరూ టీ తాగినారు మేడమ్ అన్నది. మరి నల్లగా ఎందుకొచ్చింది అని ఇంకొక పిల్ల గుచ్చి గుచ్చి అడిగింది. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము నల్లగానే పోతుందని, అది రంగు దిగడం కాదని, భయపడవలసింది లేదని చెప్పాను. విసర్జన గురించి నలభై మంది పిల్లలు అరమరిక లేకుండా గంటసేపు మాట్లాడుకున్నారు. హిందూపురం కల్యాణ మండపంలో బంతులు విసిరినా పోని బిడియం ఒక నల్ల గ్లాసుతో పోయింది.

డాక్టరు చౌడేశ్వరికి రోజూ వేసుకోవలసిన మాత్రలు రాశాడు. నేను వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాయన మగ్గం గుంతలోంచే "కూర్చోండి మేడమ్" అన్నాడు, చెయ్యి ఆపలేదు. అసలు అడ్డంకి అవ్వ. పొద్దస్తమానం ఆ ఇంట్లో పొయ్యి మీద టీ గిన్నె దిగదు. పిల్లకు టీ మానిపించమంటానేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. "యాడ కుదురుతాదమ్మా? మగ్గం కాడ కూసునేటోళ్ళకి టీనే గదా పెట్రోలు. నా కాలంలో ఈ మాత్రలు యాడుండాయి? నాకు నెత్తురు లేదా?" అన్నది. ఆమె కళ్ళ కింది రెప్ప లోపల రక్తం లేక తెల్లగా ఉన్న సంగతి నేను ఆ పూటకు ఎత్తలేదు.

మానొద్దు, మాత్రకూ టీకీ రెండు గంటలు ఎడం ఉంటే చాలు అన్నాను. అవ్వ వినలేదు. చౌడేశ్వరి లేచి, ఆ ఇంటి టీనే ఒక గ్లాసులో పోసి, మాత్ర నలగ్గొట్టి వేసి అవ్వ ముందు పెట్టింది. టీ నల్లబడింది. అవ్వ గ్లాసును వెలుతురుకు పట్టుకుని చూసి, "ఇది పాడు రంగు" అని తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి రాత్రి సంగటి తిన్నాక ఆ పిల్ల మాత్ర మింగేదానికి ముందూ వెనకా రెండేసి గంటలు పొయ్యి మీద టీ పెట్టనివ్వలేదట. మూడు తరాలుగా తయారవుతున్న కరపత్రాలతో నేను సాధించలేనిది ఆ ముసలమ్మ పరిభాషలో ఒక్క మాటతో అయిపోయింది.

ఆ నెల బడి రిపోర్టు నిజంగా ఎందరు మింగారో లెక్కపెట్టి రాయమన్నాను. నూరు శాతం నలభైకి పడింది. వెంటనే మా ప్రోగ్రాం అధికారి తనిఖీకి వచ్చాడు. ఊరక రారు మహానుభావులు. నేను అడుగు పెట్టగానే పనితీరు ఇంత దారుణంగా దిగజారిందేమిటని అడిగాడు. ఇంతకు ముందు నూటికి నూరు పంచారు, ఇప్పుడు నూటికి నలభై మంది మింగుతున్నారు, ఇది పెరగడమే అన్నాను. మరి అప్పుడు నూరు ఎలా వచ్చింది అన్నాడు. మీరు నూరు అడిగారు కాబట్టి వచ్చింది అన్నాను. బల్ల మీది గ్లాసులు చూసి, ఇవి ఫ్లిప్‌చార్ట్‌లో ఏ పుటలో ఉన్నాయి అని అడిగాడు. ఏ పుటలోనూ లేవన్నాను. వారం లోపల మెమో వచ్చింది, అంటే సంజాయిషీ అడిగే కాగితం. ఆమోదం లేని బోధన సామగ్రి వాడినందుకు, శాతం తగ్గించినందుకు. సంజాయిషీ రాసి ఇచ్చాను. అది ఏ ఫైలులో ప్రశాంతంగా నిద్రపోతున్నదో తెలియదు.

పెనుకొండ పోవడానికి రెండు రోజుల ముందు చౌడేశ్వరి వేలు గుచ్చాను. పదిన్నర. పన్నెండు కాదు, కానీ ఆడడానికి అడ్డు లేదన్నాడు డాక్టరు. కళ్ళు చీకట్లు రావడం లేదు, గుండె దడ లేదు అని అన్నీ పరీక్షించి, పదిన్నర అని అంకె వేసి, ఆడవచ్చు అని రాసి సంతకం పెట్టాడు. ఎంపికల రోజు నాకు సెలవు లేదు. అయినా ఆంజనేయులుతో, ఆ బడి నుంచి ఎంపికలకు పోతున్న ఒకే ఒక్క పిల్ల చౌడేశ్వరితో పాటు బస్సెక్కాను, మీటరు సంచీలో వేసుకుని.

పెనుకొండలో కొండ కింద మైదానంలో షామియానా వేశారు. బల్ల దగ్గర పత్రాలు చూస్తున్న నిర్వాహకుడు చౌడేశ్వరి పత్రం చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. "అందరివీ పన్నెండు ఉండాయి. ఈ పిల్లదొక్కటే పదిన్నర ఎందుకుండాది? రిస్కు మేడమ్. వచ్చే ఏడు తీసుకురాండి" అన్నాడు. తొంగి చూశాను. నిజమే, కట్టలో ఎన్ని పత్రాలుంటే అన్ని పన్నెండ్లు. జిల్లాలో ఆడపిల్లలందరి రక్తమూ ఒకే ఇంట్లో తోడుపెట్టిన పెరుగులా సమానంగా ఉంది. చౌడేశ్వరి కట్ట వైపు చూసి, ఆంజనేయులు వైపు చూసి, నా వైపు చూసింది. ఆ పిల్లకు వచ్చే ఏడు లేదని నిర్వాహకుడికి తెలియదు. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి మైదానంలో ఉండేది. నిజం రాసిన పాపానికి బల్ల దగ్గర నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సంచీలోంచి మీటరు తీసి బల్ల మీద పెట్టాను. ఈ పన్నెండ్లన్నీ ఇక్కడే ఒకసారి చూసేద్దాం సార్, ఎవరికి పన్నెండు లేకపోతే వాళ్ళను వచ్చే ఏడుకు పంపిద్దాం అన్నాను. ఆయన మీటరునూ, మైదానంలో కాళ్ళు సాగదీసుకుంటున్న పిల్లలనూ చూశాడు. అందరినీ పంపిస్తే జట్టులో తానొక్కడే మిగులుతాడన్న లెక్క త్వరగానే తేలినట్టుంది. డాక్టరు సంతకం ఉండాది గదా, చాల్లే మేడమ్ అని పత్రం కట్టలో పెట్టేశాడు.

చౌడేశ్వరి ఆడింది. ఖోఖో నాకు పెద్దగా తెలియదు. వెంటపడినవాళ్ళు అలిసిపోయారని, ఆమె అలిసిపోలేదని మాత్రం తెలిసింది. మూడో రౌండులో నేను ఊపిరి బిగబట్టాను. వేరే బడి పిల్ల ఒకతె గీత అవతల కూర్చుండిపోయి తల మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. చౌడేశ్వరి ఇంకా పరిగెడుతూనే ఉంది. సాయంత్రం ఎంపికైనవాళ్ళ పేర్లు చదివారు. ఆమె పేరు ఉంది. ఆంజనేయులు నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు, పదకొండు సంగతి ఎత్తకుండా.

ఆ తర్వాత నేను ఊహించనిది జరిగింది. కూలబడిన పిల్ల దగ్గర చౌడేశ్వరి కూర్చుని ఏదో చెబుతున్నది. కళ్ళు చీకట్లొస్తాయా, నాకూ వస్తాండె, మేడమ్ కాడ మిషను ఉండాది, సూయించుకో అని. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి వేలు చాపింది. ఆమె వెనక ఇంకొకతె. కాసేపటికి షామియానా నీడలో వరస కట్టారు, ఎంపికైనవాళ్ళూ కానివాళ్ళూ. సూది చూస్తేనే బల్ల కింద దూరే వయసు పిల్లలు అడిగి మరీ గుచ్చించుకున్నారు. మీటరులో పెట్టే పట్టీలు అయిపోయేదాకా చూశాను. పత్రాలలోని పన్నెండు నాకు ఒక్క వేలులోనూ కనబడలేదు. ఎవరి అంకె వాళ్ళకే చెప్పి, పక్కన నిలబడిన వాళ్ళ టీచరుకు చెప్పి, ఏ కేంద్రానికి వెళ్ళాలో చెప్పి పంపాను. పట్టీలు అందని పిల్లలు నన్ను తిట్టుకుంటూ బస్సులెక్కారు.

ఆరోగ్యం కావాలని నా ఉద్యోగ జీవితంలో ఏ పదమూడేళ్ళ పిల్లా నన్ను అడగలేదు. అడగరు కూడా. వాళ్ళకు పరిగెత్తాలని ఉంటుంది, గెలవాలని ఉంటుంది, మగ్గం గుంతలోకి ఇంకొక ఏడాది ఆలస్యంగా దిగాలని ఉంటుంది. ఆ కోరిక ఏమిటో ముందు కనుక్కుని, దానికి రక్తం ఎక్కడ తక్కువపడుతున్నదో చూపిస్తే, వేలు వాళ్ళే చాపుతారు. అది కనుక్కోకుండా ఎంత బాగా చెప్పినా శ్రద్ధగా విని, చప్పట్లు కొట్టి, మాత్ర కాలవలో వేసి పోతారు.